హెచ్చరిక: రైమ్స్ పెట్టి వంటింట్లోకి వెళ్లిపోకండి

రెండేళ్లు నిండని బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ ముందుగా చేరాల్సిన మాట ఇది. చదువు నేర్పుతుందని నమ్మి మీరు పెడుతున్న టీవీ కార్యక్రమం ఆ వయసు బిడ్డకు చదువు నేర్పదు. పాట వచ్చినట్టు కనిపిస్తుంది గానీ మాట రాదు. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలకైతే మంచి కార్యక్రమం నిజంగానే ఎంతో కొంత నేర్పగలదు. అదైనా పక్కన పెద్దవాళ్లొకరు కూర్చుని మాట్లాడుతుంటేనే బిడ్డకు బాగా ఒంటబడుతుంది. మన ఇళ్లలో జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. పెద్దవాళ్లు లేచి వెళ్లడానికే ఆ కార్యక్రమం పెడుతున్నారు.

సీరియళ్లో సినిమా పాటలో చూపిస్తే పిల్లలు పాడవుతారన్న భయం ప్రతి ఇంట్లోనూ ఉంది. మంచిదే. ఏబీసీడీలు, అంకెలు, రంగులు, జంతువుల పేర్లు అనేసరికి ఆ భయం కాస్తా ఎగిరిపోతుంది. ఆయుర్వేదం అని రాసి ఉంటే మోతాదు చూడకుండా మింగేసినట్టు, ‘కిడ్స్ లెర్నింగ్’ అని రాసి ఉంటే గడియారం చూడకుండా వదిలేస్తున్నాం. అందుకే ఈ హెచ్చరిక పనికిమాలిన కార్యక్రమాల గురించి కాదు. మంచివని పేరున్న వాటి గురించే.

రాత్రి ఎనిమిదింటికి ఏ ఇంట్లోకైనా తొంగి చూడండి. ఏడాదిన్నర పిల్లను చాప మీద కూర్చోబెట్టారు. ఎదురుగా గోడంత స్మార్ట్ టీవీ. అందులో పెద్ద కళ్ల బొమ్మ పిల్లాడొకడు బస్సెక్కి పాడుతున్నాడు. తల్లి పప్పన్నం మెత్తగా కలిపి ముద్ద నోటి దాకా తేగానే పిల్ల నోరు దానంతటదే తెరుచుకుంటుంది. కళ్లు మాత్రం తెర మీంచి కదలవు. ఉప్పు ఎక్కువైందో, కడుపు నిండిందో పిల్లకూ తెలియదు, తల్లికీ తెలియదు. ఇదివరకు ఒక్కో ముద్దకూ ఒక్కో మాట పడేది. ఇది తాతయ్య ముద్ద, ఇది కాకి ముద్ద, ఇది బుజ్జి కుక్కది, అది తినేస్తోంది చూడు, నువ్వు ముందా అది ముందా అంటూ. ఇప్పుడు ముద్దకూ ముద్దకూ మధ్య తల్లి తన ఫోను చూసుకుంటోంది. పాట అయిపోయింది. పిల్ల తల తిప్పేలోపే ఇంకో పాట దానంతటదే మొదలైంది. రిమోట్ నొక్కి ఆపగానే ఇల్లెగిరిపోయేలా ఏడుపు. ‘చూశావా, దానికి రైమ్స్ అంటే ఎంత ఇష్టమో! అన్నీ వచ్చేశాయి’ అని నాయనమ్మ మురిసిపోతుంది.

ఏమొచ్చాయో తేల్చుకోవడం సులువే, వంటింట్లోనే పరీక్ష పెట్టొచ్చు. ఒకటి నుంచి ఇరవై దాకా గుక్కతిప్పుకోకుండా పాడే మూడున్నరేళ్ల పిల్లాణ్ని ‘నాన్నా, బుట్టలోంచి మూడు ఉల్లిపాయలు పట్టుకురా’ అనండి. కొందరు రెండు చేతుల నిండా పట్టినన్ని తెస్తారు. ఏబీసీడీ పాట పాడమనండి. మధ్యలో ‘ఎలెమెనోపీ’ అని ఒకే అక్షరం వినిపిస్తుంది. బిస్కెట్ ప్యాకెట్ మీద ‘బి’ ఎక్కడుందో చూపించమంటే మన ముఖం వంక చూస్తాడు. ఇది పిల్లాడి లోపం కాదు. పాట ఒకటి, లెక్క ఇంకొకటి. మూడంటే ఎంతో తెలియాలంటే మూడు వస్తువులు చేత్తో పట్టుకోవాలి, ఒకటి ఎక్కువైతే ‘ఇంకోటి ఎక్కువ తెచ్చావు, వెనక్కి పెట్టెయ్’ అని చెప్పే మనిషి ఉండాలి. తెర ఆ మాట చెప్పలేదు. తప్పు తెచ్చినా, ఒప్పు తెచ్చినా, అసలేమీ తేకపోయినా ‘వెరీ గుడ్!’ అంటూనే ఉంటుంది.

ఈ మోసం మనతో మొదలైంది కాదు. అమెరికాలో 1990ల చివర్లో ‘బేబీ ఐన్‌స్టీన్’ అనే వీడియోలు వచ్చాయి. జూలీ ఐగ్నర్ క్లార్క్ అనే తల్లి ఇంట్లోనే చిత్రీకరించి అమ్మడం మొదలుపెట్టింది. కదిలే బొమ్మలు, వెనక శాస్త్రీయ సంగీతం, మధ్యలో మాటలు. వ్యాపారం ఎంత పెరిగిందంటే 2001లో డిస్నీ సంస్థ దాన్ని కొనేసింది. ఉయ్యాల్లో ఉన్న బిడ్డకు ఐన్‌స్టీన్ పేరుతో వీడియో పెడితే మేధావి అవుతాడని ఆ డబ్బా మీద ఎవరూ రాయనక్కర్లేదు, పేరే ఆ పని చేసింది. 2007లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వెయ్యి మంది దాకా తల్లిదండ్రులను ప్రశ్నించి చూశారు. 8 నుంచి 16 నెలల పిల్లల్లో ఇలాంటి వీడియోలు ఎంత ఎక్కువ చూస్తే అర్థమయ్యే మాటలు అంత తక్కువగా ఉన్నట్టు తేలింది. రోజుకో గంటకు ఆరేడెనిమిది మాటల తేడా. ఈ ఫలితం మీద తర్వాత వాదోపవాదాలు చాలానే నడిచాయి, కోర్టు మెట్లు కూడా ఎక్కాయి. వీడియోల వల్లే మాటలు తగ్గాయా, మాటలు తక్కువున్న పిల్లలకే వీడియోలు ఎక్కువ పెట్టారా అన్న ప్రశ్న న్యాయమైనదే.

ఆ ప్రశ్నకు 2010లో వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన జూడీ డెలోచ్ బృందం ప్రయోగం చేసి జవాబు చెప్పింది. ఏడాది నుంచి ఏడాదిన్నర పిల్లలను జట్లుగా విడదీశారు. కొందరికి నెల రోజులపాటు వారానికి చాలాసార్లు మాటలు నేర్పే వీడియో పెట్టారు. కొందరికి తల్లిదండ్రులతో కలిసి అదే వీడియో. కొందరికి ఏమీ లేదు. మరికొందరి తల్లిదండ్రులకు వీడియోలో ఉన్న పాతిక మాటల జాబితా మాత్రం ఇచ్చి, మీకు తోచినట్టు రోజువారీ పనుల్లో నేర్పండి అన్నారు. నెల తిరిగాక చూస్తే వీడియో చూసిన పిల్లలకూ ఏమీ చూడని పిల్లలకూ తేడా లేదు. జాబితా పట్టుకుని మామూలుగా మాట్లాడిన ఇళ్ల పిల్లలే ముందున్నారు. ఇందులో గుండెలో గుచ్చుకోవాల్సిన ఫలితం ఇంకొకటి ఉంది. వీడియో బాగా నచ్చిన తల్లిదండ్రులే మా బిడ్డ చాలా నేర్చుకుందని ఎక్కువగా చెప్పారు. నేర్చుకున్నది లేదు. తమకు నచ్చింది కాబట్టి బిడ్డకు వచ్చిందనుకున్నారు. మన నాయనమ్మ మురిపెం అచ్చంగా అదే.

2009లో డిస్నీ, ఆ వీడియోలు కొన్నవాళ్లు వద్దనుకుంటే డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించింది. తప్పు చేశామని ఒప్పుకోలేదు. కొనుగోలుదారు సంతృప్తి కోసమేనంది. మన పిల్లలు చూసే వీడియోలకు వాపసు అడగడానికి కొన్నదే లేదు. అవి ఉచితం.

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉంటూ, పిల్లలకు తెలుగు రావాలని తెలుగు రైమ్స్ టీవీలో పెట్టి వదిలే తల్లిదండ్రులకు ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. 2003లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకు చైనా మాండరిన్ భాష వినిపించింది. కొందరి ముందు మనిషే కూర్చుని బొమ్మలు చూపిస్తూ, పుస్తకాలు చదువుతూ మాట్లాడింది. ఇంకొందరికి అదే మనిషి అవే మాటలు చెబుతున్న వీడియో. పన్నెండు విడతలయ్యాక చూస్తే, ఎదురుగా మనిషి ఉన్న పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టేశారు. టీవీ ముందు కూర్చున్నవాళ్లకు ఏమీ అంటలేదు. ఒకే గొంతు, ఒకే మాటలు, ఒకే నిడివి. లేనిదల్లా బిడ్డ ‘ఊ’ అంటే తిరిగి ‘ఊ’ అనే మనిషి. అందుకనే వీడియో కాల్ సంగతి వేరు. 2014లో వచ్చిన మరో పరిశోధనలో రెండేళ్లు దాటిన పిల్లలు వీడియో కాల్‌లో ఎదుటి మనిషితో మాట్లాడుతూ కొత్త మాటలు నేర్చుకున్నారు, ముందే రికార్డు చేసిన దాంట్లోంచి నేర్చుకోలేదు. కాబట్టి గుంటూరులో ఉన్న అమ్మమ్మను రోజూ పావుగంట ఫోన్ తెర మీదకు పిలవండి. ఏ తెలుగు రైమ్స్ చానలూ ఆమెకు సాటి రాదు. ‘ఏం కూర తిన్నావే బంగారం?’ అని ఆమె అడిగి, జవాబు కోసం ఆగుతుంది.

టీవీ బిడ్డ కోసం కాదు, మాకోసం పెట్టుకున్నాం, అది చూడదులెండి అంటారు కొందరు. ఇదీ ప్రమాదమే. అమెరికాలో ఏడాది, రెండేళ్లు, మూడేళ్ల పిల్లలను బొమ్మలతో ఆడుకోనిచ్చి, గదిలో పెద్దల క్విజ్ కార్యక్రమం నడిపి చూశారు. పిల్లలు దాని వైపు అప్పుడప్పుడూ, కొన్ని సెకన్లు మాత్రమే చూశారు. అయినా ఆట ముక్కలు ముక్కలైంది. ఒక బొమ్మ పట్టుకుని నిలకడగా ఆడే సమయం తగ్గిపోయింది. 2009లో చేసిన మరో అధ్యయనంలో పిల్లల చొక్కాలకు చిన్న రికార్డర్లు తగిలించి లెక్కపెట్టారు. టీవీ వినిపిస్తున్న ప్రతి గంటకూ బిడ్డ చెవిన పడే పెద్దల మాటలు ఏడువందల డెబ్బై దాకా తగ్గాయి. హాల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా సీరియళ్లు నడిచే ఇంట్లో ఈ లెక్క మీరే వేసుకోండి. సీరియల్ చూస్తున్న అత్తగారు మాట్లాడదు, మాట్లాడనివ్వదు. ఈ మాట అంటే కోడలి పక్షం అనుకుంటారేమో. రాత్రి తొమ్మిదికి చర్చా కార్యక్రమం పెట్టుకునే మామగారూ, క్రికెట్ పెట్టుకునే కొడుకూ ఇందులో సమాన భాగస్వాములే.

టీవీ అంటేనే విషం అని మాత్రం మేం చెప్పడం లేదు. అలా చెప్పేవాళ్లు చరిత్ర చదవలేదు.

1969 నవంబర్ 10న అమెరికా పబ్లిక్ టెలివిజన్‌లో ‘సెసమీ స్ట్రీట్’ మొదలైంది. ఇంట్లో పుస్తకాలు లేని, నర్సరీకి పంపే స్తోమత లేని పేద పిల్లలు ఒకటో తరగతిలో అడుగు పెట్టేసరికే వెనకబడిపోతున్నారని, ఆ లోటు టీవీతో కొంతైనా పూడ్చవచ్చని జోన్ గాంజ్ కూనీ, లాయిడ్ మోరిసెట్ అనే ఇద్దరు తలపెట్టిన పని అది. ఎలా చేశారన్నదే మనం చూడాల్సింది. పరిశోధకులు పసిపిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి టీవీలో కార్యక్రమం నడిపేవారు. పక్కనే ఇంకో చిన్న తెర మీద కొన్ని సెకన్లకోసారి మారే బొమ్మలు వేసేవారు. పిల్లాడి చూపు ఎప్పుడు టీవీ వదిలి పక్కకు పోయిందో క్షణం క్షణం రాసుకునేవారు. చూపు తప్పిన భాగాన్ని తిరగరాసేవారు. ప్రసారానికి ముందు ఫిలడెల్ఫియాలో పరీక్షిస్తే, మనుషులు మాత్రమే ఉన్న వీధి సన్నివేశాల్లో పిల్లలు దిక్కులు చూస్తున్నారని తేలింది. మనుషుల పక్కన తోలుబొమ్మల్లాంటి పాత్రలను ఉంచకూడదన్న నిపుణుల సలహాను అప్పుడు పక్కన పెట్టారు. ఆ కార్యక్రమంలో కనిపించే పెద్ద పసుపు పక్షి పాత్ర అలా వీధిలోకి వచ్చింది. ఒక్కో అక్షరం వెనక ఇంత కసరత్తు ఉంది. మన యూట్యూబ్ రైమ్స్‌లో ఎన్నింటి వెనక ఒక్క అంగన్‌వాడీ టీచరైనా ఉందో అడిగి చూడండి.

ఫలితం వచ్చింది. మొదటి ఏడాది చివర జరిగిన మూల్యాంకనంలో ఎక్కువ చూసిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. బాగా చూసిన మూడేళ్ల పిల్లలు, అంతగా చూడని ఐదేళ్ల పిల్లల కన్నా ఎక్కువ ముందుకెళ్లారు. దీన్ని పట్టుకుని టీవీ కంపెనీలు యాభై ఏళ్లుగా పండగ చేసుకుంటున్నాయి. అదే నివేదికలో రెండో మాట ఉంది. బాగా నేర్చుకున్న పిల్లల తల్లులు చాలాసార్లు పక్కనే కూర్చుని చూశారు, చూసిన దాని గురించి పిల్లలతో మాట్లాడారు. 1975లో థామస్ కుక్ బృందం ఆ లెక్కలను మళ్లీ తవ్వితే ఇంకో సంగతి బయటపడింది. పరిశోధకులు ఇళ్లకు వెళ్లి, తల్లులను కలిసి, చూడండి చూడండి అని ప్రోత్సహించిన చోట లాభం ఎక్కువ. ఏ ప్రోత్సాహమూ లేకుండా పిల్లలు తమంతట తాము చూసిన చోట లాభం బాగా చిన్నది. అంటే పనిచేసినదాంట్లో సగం టీవీ బయట ఉంది. ఆ సగాన్ని వదిలేసి మనం పెట్టెను మాత్రం కొనుక్కున్నాం.

మన దగ్గరా ఇలాంటి పాఠం ఉంది. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా ఉపగ్రహం సాయంతో ‘సైట్’ ప్రయోగం నడిచింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలు, వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి. కరెంటు కొత్తగా వచ్చిన ఊళ్లలో పొద్దున్నే బడి పిల్లలకు తెలుగులో కార్యక్రమాలు వచ్చేవి. అప్పుడు టీవీ ఊరి ఉమ్మడి సొత్తు. పిల్లలంతా కలిసి చూసేవారు, అయ్యాక పంతులు అడిగేవాడు. కరోనా కాలంలో 2020 సెప్టెంబర్ 1న తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా పాఠాలు మొదలుపెట్టినప్పుడు మూడో తరగతి నుంచే మొదలుపెట్టింది. అంతకన్నా చిన్న పిల్లలను టీవీ పాఠాల ముందు కూర్చోబెట్టలేదు. ఆ జాగ్రత్త సర్కారుకే ఉంటే ఇళ్లలో మనకెందుకు లేదు? ఆ పాఠాల సమయంలోనూ ఇంట్లో అడిగేవాళ్లున్న పిల్లలకూ, తల్లిదండ్రులు కూలికి పోతే ఒంటరిగా టీవీ ముందు కూర్చున్న పిల్లలకూ బడి తెరిచాక కనపడిన తేడా ఏ పంతులమ్మనడిగినా చెబుతుంది.

ఇప్పుడింత తొందరపడి చెప్పడానికి కారణం, టీవీ మారిపోయింది. దూరదర్శన్‌లో పిల్లల కార్యక్రమం అరగంట వచ్చేది, అయిపోయేది. తర్వాత వ్యవసాయమో వార్తలో వస్తే పిల్లాడు తనంతట తానే లేచి వీధిలోకి పరిగెత్తేవాడు. స్మార్ట్ టీవీలో యూట్యూబ్‌కు ‘అయిపోయింది’ అనేది లేదు. ఒకటి ముగిసేలోపు ఇంకొకటి తగులుకుంటుంది. అది దేన్ని తగిలిస్తుందో తల్లి ఎంచుకోదు, యంత్రం ఎంచుకుంటుంది. ఎంచుకునేటప్పుడు అది చూసేది బిడ్డకు ఏమొచ్చిందని కాదు, బిడ్డ ఎంతసేపు కదలకుండా ఉందని. 2017లో పిల్లలకు తెలిసిన కార్టూన్ పాత్రల వేషాలతో భయానకమైన, అసహ్యమైన వీడియోలు పిల్లల జాబితాల్లోకి చొరబడ్డాయని ప్రపంచమంతా గగ్గోలు పుట్టాక యూట్యూబ్ వేలాది వీడియోలు తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు కృత్రిమ మేధతో గంటల్లో అల్లిన రైమ్స్ వస్తున్నాయి. ఆవు బొమ్మ పక్కన గేదె పేరు, చేతికి ఆరు వేళ్లు, తెలుగు అక్షరం ఒకటి పలికే గొంతు ఇంకొకటి. తెర మీద పిల్లాడు ఐదు వేళ్లు లెక్కపెడుతుంటే ఆరోది పక్కన వేలాడుతూ ఉంటుంది. తల్లి వంటింట్లో ఉంటే అది ఎవరి కంట పడాలి?

వేగం సంగతి కూడా చూడాలి. 2011లో వర్జీనియాలోనే నాలుగేళ్ల పిల్లలు అరవై మందితో ఒక ప్రయోగం చేశారు. కొందరు తొమ్మిది నిమిషాలు వేగంగా పరిగెత్తే కార్టూన్ చూశారు, కొందరు నిదానంగా నడిచే విద్యా కార్యక్రమం, కొందరు బొమ్మలు గీసుకున్నారు. వెంటనే పెట్టిన చిన్న పరీక్షల్లో, చెప్పినట్టు ఆగడం, గుర్తుపెట్టుకుని చేయడం లాంటి వాటిలో వేగం కార్టూన్ చూసినవాళ్లు వెనకబడ్డారు. మిగతా రెండు జట్లకూ మధ్య తేడా లేదు. కాబట్టి ఏ వీడియో అయినా ముందు మీరొక్కరే చూడండి. దృశ్యం మారిన ప్రతిసారీ వేలితో బల్ల మీద కొట్టండి. మీ వేలికి ఊపిరాడకపోతే అది మీ బిడ్డకు వద్దు. 1996లో వచ్చిన ‘బ్లూస్ క్లూస్’ దీనికి తిరగేసిన నమూనా. అందులో మనిషి ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేదాకా నిజంగానే ఆగేవాడు. ఒకే భాగాన్ని వారంలో ఐదు రోజులూ వేసేవారు. పెద్దలకు విసుగు. పిల్లలు మాత్రం మూడో రోజుకు ముందే అరిచి జవాబు చెప్పేవారు. రోజుకో కొత్తది పెట్టాలన్న తాపత్రయం మనదే, పిల్లలది కాదు.

భాష గురించి ఒక్క ముక్క. హిందీ డబ్బింగ్ కార్టూన్లు చూసి నాలుగేళ్లవాడు హిందీలో డైలాగులు చెబుతుంటే ముచ్చట పడేవాళ్లు, వాడు ఆకలేస్తోందని ఏ భాషలో చెబుతున్నాడో గమనించండి. తెలుగులోనే పిల్లల చానళ్లున్నాయి. ఖుషీ టీవీ ఎప్పట్నుంచో ఉంది, 2021లో ఈటీవీ బాలభారత్ వచ్చింది. ఎలాగూ పెడితే ఇంట్లో మాట్లాడే భాషలోది పెట్టండి. కనీసం పక్కనున్న తాతయ్యకు అర్థమై ఒక మాట కలుపుతాడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: ఏడాది లోపు బిడ్డకు తెర వద్దు, రెండేళ్ల దాకా వద్దు, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించొద్దు, తగ్గితే ఇంకా మంచిది. మన దేశంలో పిల్లల వైద్యుల సంఘం కూడా రెండేళ్ల లోపు వద్దనే అంటోంది, బంధువులతో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. గంట అన్నది హక్కు కాదు, హద్దు.

ఇల్లు గడవడానికి ఇద్దరూ పనికి పోయి వచ్చి, ఒక చేత్తో పొయ్యి, ఇంకో చేత్తో పిల్లాణ్ని పట్టుకున్న తల్లికి ఇదంతా చెప్పడం తేలికే అని మాకు తెలుసు. నింద ఆమెకు కాదు. ఇరవై నిమిషాలు కుక్కర్ పెట్టుకోవడానికి నాలుగేళ్ల పిల్లాడికి ఒక కార్యక్రమం పెట్టిన తల్లి ఏ పాపమూ చేయలేదు. దాన్ని చదువు అనుకోకపోతే చాలు. అది ఆ ఇంటికి కాస్త ఊపిరి. చదువు అనుకున్నప్పుడే ఇరవై నిమిషాలు రెండు గంటలవుతుంది. అదే ఇంట్లో సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్న తండ్రిని మాత్రం వదలకూడదు. వంటింట్లో పెసలు కడుగుతుంటే పిల్లాణ్ని గట్టు పక్కన నిలబెట్టి చేయి ముంచనిస్తే నీళ్లు చిందుతాయి, పని ఆలస్యమవుతుంది. అయినా ‘తడి’, ‘చల్లన’, ‘జారిపోతోంది’ అన్న మాటలు అక్కడే పుడతాయి.

మూడేళ్లు దాటిన బిడ్డతో కలిసి చూడటమంటే పెద్ద శాస్త్రమేమీ కాదు. తెనాలి రామకృష్ణ కథ బొమ్మల్లో వస్తోందనుకోండి. రిమోట్ మీ చేతిలో ఉండాలి. దొంగలు బావి దగ్గరకు రాగానే ఆపండి. ‘ఇప్పుడు ఏం చేస్తారంటావ్?’ ‘నీళ్లు తోడతారు.’ ‘ఎందుకు తోడతారు?’ ‘దాహం వేసింది.’ జవాబు తప్పే. దిద్దకండి. మళ్లీ నడపండి. బావిలో ఉందనుకున్న పెట్టె కోసం తోడుతున్నారని తెలిసి వాడే నవ్వుతాడు. ‘దాహం కాదమ్మా, పెట్టె!’ అని మీకే చెబుతాడు. అయ్యాక టీవీ ఆపేసి బకెట్, చెంబు ఇచ్చి బాల్కనీలో తులసి కుండీకి పొయ్యమనండి. ఎన్ని చెంబులు పోశావో లెక్కపెట్టమనండి. పది నిమిషాల కథ, అరగంట ఆట. చిన్నది, మొదలూ చివరా ఉన్నది, నిదానంగా నడిచేది ఒక్కటి ఎంచుకోండి. యూట్యూబ్ సెట్టింగుల్లో ఆటోప్లే ఈ రోజే ఆపేయండి. పిల్లల యాప్‌లో సైతం అది ఉంటుంది, చూసుకోండి. అన్నం దగ్గర, పడుకునే ముందు గంటలో టీవీ పూర్తిగా ఆపండి. అన్నం దగ్గర ఆపితే మొదట కొన్నాళ్లు గోల చేస్తారు, రెండు ముద్దలు తక్కువ తింటారు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలేస్తే తింటుంది. అప్పుడు ఏడుపుకు లొంగి మళ్లీ పెట్టారంటే, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే వస్తుందన్న పాఠం బిడ్డకు వంటబడుతుంది.

ఇంకో ప్రమాదం, చదువుతో సంబంధం లేనిది. బొమ్మను ముట్టుకోవాలని పసిపిల్లలు టీవీ స్టాండ్ పట్టుకుని ఎక్కుతారు. పల్చటి టీవీలు ముందుకు తూలి మీద పడతాయి. గోడకు బిగించండి, లేదా పట్టీతో కట్టండి.

ప్లే స్కూళ్లకూ ప్రభుత్వాలకూ చెప్పాల్సింది ఉంది. నర్సరీలో చేర్చేటప్పుడు ‘మా దగ్గర స్మార్ట్ క్లాస్ ఉంది’ అంటే తల్లిదండ్రులు గొప్పగా తలూపుతున్నారు. అక్కడ అడగాల్సిన ప్రశ్న, తెర నడుస్తున్నప్పుడు టీచరమ్మ ఎక్కడుంటుంది అని. ఇంటికి వచ్చిన పిల్లాడికి వాట్సాప్‌లో వీడియో లింకులు హోంవర్కుగా పంపే నర్సరీలు ఆ అలవాటు వెంటనే మానాలి. ఇంట్లో తగ్గిద్దామనుకున్న తల్లికి బడే అడ్డం పడుతోంది. సక్షమ్ అంగన్‌వాడీ పథకం కింద దేశంలో రెండు లక్షల కేంద్రాలకు ఎల్ఈడీ తెరలతో సహా కొత్త హంగులు తలపెట్టారు. తెరలు బిగించి ఫొటో దిగడంతో పని ముగియకూడదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు పాతికమంది, ఒక టీచర్, ఒక ఆయా, పోషణ్ యాప్‌లో వివరాలు ఎక్కించే పని, గుడ్ల లెక్క, బాలింతల లెక్క. ఇంత పని నెత్తిన ఉన్న చోట గోడ మీద తెర ఉంటే అది పిల్లలను కాసే మూడో మనిషి అయిపోతుంది. ఎంతసేపు నడపాలో, ఏది నడపాలో, అయ్యాక ఏ ఆట ఆడించాలో టీచర్లకు శిక్షణ ఇచ్చి, రాతపూర్వకంగా హద్దు పెట్టాకే మీట నొక్కాలి. రెండేళ్ల బిడ్డను చంకన వేసుకుని వచ్చిన తల్లి ఎదురుగా ఆ తెర నడవకూడదు. అంగన్‌వాడీలో పెట్టారు కాబట్టి మంచిదే అని ఆమె అనుకుంటుంది.

చివరగా అన్నిటికన్నా తొందర ఉన్న సంగతి. పేరు పెట్టి పిలిస్తే ఏడాది నిండినా తిరిగి చూడకపోవడం, కావాల్సింది వేలితో చూపించకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటైనా రాకపోవడం, రెండేళ్లకు ‘అమ్మ రా’, ‘పాలు ఇవ్వు’ లాంటి రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం. వీటిలో ఏది కనిపించినా ఆగకండి. ‘వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయి’ అన్న పెద్దల ఓదార్పు వద్దు. ‘టీవీ మాన్పిస్తే అదే వస్తుంది’ అన్న పక్కింటి సలహా కూడా వద్దు. ఆటిజం టీవీ వల్ల వస్తుందని రుజువు లేదు. సోషల్ మీడియాలో ఆ పేరుతో తిరిగే భయం కొందరు తల్లులను అపరాధ భావంలో ముంచి, ఇంకొందరిని తెర మాన్పించి ఏడాదిపాటు ఎదురుచూసేలా చేస్తోంది. రెండూ నష్టమే. కొందరు పిల్లలకు అసలు సమస్య చెవిలో ఉంటుంది. గట్టిగా పెట్టిన రైమ్స్‌కు తల ఊపుతున్నారు కాబట్టి వినపడుతోందని ఇంట్లో అనుకుంటారు. తెర మీద కదలికలు చూసి ఊపుతున్నారేమో ఎవరికి తెలుసు?

ముందు వినికిడి పరీక్ష చేయించండి. అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు రావాల్సిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) వైద్య బృందాన్ని అడగండి. వాళ్లు జిల్లా ఆసుపత్రిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి రాసిస్తారు, అక్కడ ఖర్చు ఉండదు. హైదరాబాద్ చుట్టుపక్కలవాళ్లు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థకు నేరుగా వెళ్లవచ్చు. డాక్టర్ దగ్గరకు వెళ్లేటప్పుడు బిడ్డ రోజుకు ఎన్ని గంటలు తెర చూస్తోందో దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అక్కడ వరుసలో కూర్చున్నంతసేపు ఫోన్ చేతికి ఇవ్వకండి. పిలిస్తే పలుకుతోందా, కళ్లలోకి చూస్తోందా అన్నది డాక్టర్ చూడాల్సింది అప్పుడే.